అమ్మిన ఇంటి సొమ్ములో నిలుపుదల పైకము

మన తెలుగు పట్టణములలో ఫ్లాటు కొనువారికి గోడలతోపాటు ఆ మేడ నిలిచిన నేలలో గూడ విభజింపరాని వాటా యొకటి సంక్రమించును. దస్తావేజులో ఇన్ని చదరపు గజములని వ్రాయించుకొన్నగాని ఏ యిల్లాలికిని మనసు కుదుటపడదు. ఈ యలవాటుతో ఇంగ్లండునకు కాపురమునకు పోయిన సోదరీమణులు అచ్చట ఫ్లాటు కొని, కొన్నేండ్లకు దానిని అమ్మి, అమ్మిన సొమ్ములో కొంత తమ చేతికి రాక సొలిసిటరు వద్దనే నిలిచియున్నదని తెలిసికొన్నపుడు కలవరపడుదురు. "కొన్నవారు సొమ్ము పూర్తిగా చెల్లించిరి గదా, మన వకీలే మన పైకమును పట్టియుంచుట యేమి న్యాయము?" అని వారి ప్రశ్న. వైద్యవృత్తిలోను, కంప్యూటరు ఉద్యోగములలోను ఆ దేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములు నేడు పెక్కు గలవు. మన పాఠకురాండ్రలో కూతురో, కోడలో, ఆడబిడ్డయో అచ్చట లేనివారు అరుదు. కావున ఈ సంగతి కొంచెము వివరముగా తెలిసికొనుట వ్యర్థము కాదు.

ఆ దేశమున ఫ్లాటు కొనుట యనగా నేమో ముందు తెలియవలెను. ఇంగ్లండు, వేల్సులలో ఫ్లాటు కొన్నవారు సామాన్యముగా దానికి శాశ్వత యజమానులు కారు. 99 ఏండ్లకో, 125 ఏండ్లకో, ఒక్కొక్కచోట 999 ఏండ్లకో లీజు పుచ్చుకొన్నవారు మాత్రమే. నేలకును మేడకును యజమాని వేఱొకడు. అతనిని ఫ్రీహోల్డరందురు. చట్టము ప్రకారము గడువు పొడిగించుకొననిచో, లీజు తీరినపిదప ఇల్లు అతని వశమగును. జీవితమంతయు కూడబెట్టిన రొక్కమును ధారపోసి కొన్నది, తుదకు దీర్ఘకాలపు కౌలే! స్కాట్లండులో నీ పద్ధతి లేదు. అచ్చట ఫ్లాటు కొన్నవారు యజమానులే.

ఇంగ్లండులో నిది పాతుకొనుటకు లండను జమీందారీలే చాలవఱకు కారణము. 1677లో సర్ థామస్ గ్రోవనర్ అను ప్రభువు మేరీ డేవీస్ అను పండ్రెండేండ్ల బాలికను వివాహమాడెను. ఆమె పుట్టింటినుండి తెచ్చిన బీళ్లును, పచ్చికపట్లును నేటి మేఫెయిర్, బెల్‌గ్రేవియా పేటలైనవి. ఆ వంశమువారు నేలను విక్రయింపక, ఇండ్లు కట్టువారికి గడువుపై లీజులకిచ్చి, గడువు తీరగానే మేడలతో సహా మరల పొందుచు వచ్చిరి. పండ్రెండేండ్ల పిల్ల తెచ్చిన స్త్రీధనముపై నింతటి ఐశ్వర్యము నిలిచినది! ఆమె మాత్రము తరువాతి కాలమున మతి చలించి క్లేశములు పడెనని చరిత్రకారులు చెప్పుచున్నారు.

జమీందారుల లోభమొక్కటే కారణమనుటయు తగదు. ఒక మేడలో ముప్పది కుటుంబములుండగా పైకప్పు కారినచో బాగుచేయించు ఖర్చు నెవరు భరింపవలెను? ఆంగ్లేయ న్యాయశాస్త్రము ప్రకారము, శాశ్వత హక్కుతో ఇల్లు కొన్నవాడు "ఖర్చులో నావంతు ఇచ్చెద"నని వ్రాసియిచ్చిన మాట, అతనియొద్ద కొన్న రెండవవానిని కట్టివేయదు. లీజులోని మాట యన్ననో చేతులెన్ని మారినను కట్టివేయును. అందుచేత ఫ్లాట్లకు లీజే శరణ్యమయ్యెను. దీనికి మాఱుగా కామన్‌హోల్డు అను ఉమ్మడి యాజమాన్య పద్ధతిని 2002 నాటి చట్టము కల్పించినది గాని, ఆ తీరున కట్టిన మేడలు మిక్కిలి స్వల్పము.

ఇప్పుడు సర్వీసు ఛార్జీ సంగతి. మేడయొక్క భీమా, మెట్ల దీపములు, లిఫ్టు, పాకీపని, మరమ్మతులు, ఏజెంటు జీతము మున్నగువానికై ఫ్లాటువారందఱును తలకింతయని చెల్లింపవలెను. ఏడాది మొదట అంచనా వేసి ఆ ప్రకారము ముందుగా వసూలుచేయుదురు. ఏడాది గడచి కొన్ని మాసములైన పిదప అసలు లెక్కలు తేలును. ఖర్చు అంచనాను మించినచో మిగిలినది మరల అడుగుదురు. ఉమ్మడి కుటుంబమున పెండ్లికి అన్నదమ్ములందఱును ముందుగా కొంత సొమ్ము వేసికొని, పెండ్లివారు వెడలిపోయిన తరువాత పద్దులు చూచుకొని హెచ్చుతగ్గులు సరిచేసికొనుటవంటిది. ఆ పద్దులు చూచునాటికి అన్నదమ్ములలో నొకడు వేఱుపడి ఊరు విడిచిపోయినాడనుకొనుడు. వాని వంతు ఎవరిమీద పడును?

ఫ్లాటు అమ్మినవారి విషయమున చిక్కంతయు నిచ్చటనే యున్నది. 1996 జనవరి 1వ తేదీనుండి వ్రాయబడిన లీజులకు వర్తించు 1995 నాటి చట్టము వలన, లీజును సక్రమముగా మఱొకరికి బదలాయించినవారు అటుపిమ్మట ఆ బాధ్యతలనుండి విముక్తులగుదురు. లెక్కలు తేలిననాడు ఏజెంటు బిల్లు పంపునది నేడు ఫ్లాటులో నున్నవారికేగాని నిన్న అమ్మిపోయినవారికి కాదు. కావున కొనువారి సొలిసిటరు ముందే మేల్కొని, "లెక్కలు తేలువఱకు అమ్మినవారి సొమ్ములో ఇంత నిలిపియుంచుడు" అని కోరును. దీనినే రిటెన్షనందురు, నిలుపుదల యని మనమనవచ్చును. అడుగుట అన్యాయమని నేననను. పొరుగువారు తిరిగిన లిఫ్టుకు కొత్తకోడలు సొమ్ము కట్టవలెననుట మాత్రము న్యాయమా?

ఈ సొమ్మును అమ్మినవారి సొలిసిటరే సామాన్యముగా తనవద్ద నుంచుకొనును. ఏ హోదాలో నుంచుకొనుచున్నాడన్నది ముఖ్యము. కేవలము మీ ప్రతినిధిగా నుంచుకొన్నచో మీ మాటపై ఇచ్చివేయవచ్చును. స్టేక్‌హోల్డరుగా, అనగా ఉభయులకును మధ్యవర్తిగా నుంచుకొన్నచో, ఒప్పందములోని షరతు నెరవేరినగాని, లేక ఇరుపక్షములు సమ్మతించినగాని, మీరెంత ప్రాధేయపడినను కదల్చరాదు. మన సోదరీమణులు "మా వకీలు శత్రుపక్షములో చేరినాడు" అని నొచ్చుకొనుట పెక్కుసార్లు ఈ భేదము తెలియకనే. మనుస్మృతి చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానము తరువాత రెండవది నిక్షేపము. నమ్మి యొకరిచేత నుంచిన సొమ్మును గూర్చిన తగవులు మానవులకంత ప్రాచీనములు.

అట్లని పట్టియుంచిన ప్రతి సొలిసిటరును ధర్మరాజని నమ్మవలసిన పనిలేదు. నా పినతల్లి కూతురొకతె లండను నగరపు శివారులో నొక ఫ్లాటు 2022 సెప్టెంబరు 30వ తేదీన అమ్మినది. భర్త గతించిన రెండేండ్లకు, పిల్లవానితో చిన్న యూరిలో అద్దెయింట నుండదలచి అమ్మినది. బ్యాంకు ఋణము తీర్చగా మిగిలినది స్వల్పము. అద్దెయింటికి ధరావతు కట్టుటకు ఆమె లెక్కవేసికొన్న సొమ్ములోనుండి 1500 పౌనులు నిలుపుదలలో చిక్కుకొన్నవి. మన రూపాయలలో లక్షన్నరకు పైమాటే. ఆ మేడ లెక్కల సంవత్సరము ఏప్రిలు 1 మొదలు మార్చి 31 వఱకు. కావున 2023 మార్చితో ముగియు లెక్కలు తేలినచో సొమ్ము వచ్చునని ఆమె యెదురుచూచుచు, ధరావతుకై తోడి ఉద్యోగినివద్ద చేబదులు పుచ్చుకొన్నది.

2023 గడచినది. సొలిసిటరు కార్యాలయమునుండి మాటలేదు. 2024 వేసవి మొదట్లో, అదే మేడలో కాపురమున్న మలయాళీ స్నేహితురాలొకతె మాటలసందర్భమున, లెక్కలు గడచిన నవంబరులోనే వచ్చినవని చెప్పినది. ఆమెయే ప్రతి యొకటి పంపినది. చూడగా ఆ ఫ్లాటుకు ఏడాది మొత్తముమీద హెచ్చు ఖర్చు 620 పౌనులు. కొన్నవారి సొలిసిటరు డిసెంబరులోనే ఆ 620 పౌనులును తమకిమ్మని ఉత్తరము వ్రాసియున్నాడు. మా చెల్లెలి వ్యవహారము చూచిన గుమాస్తా ఉద్యోగము మానిపోగా, ఆ యుత్తరము కాగితముల కట్టలో నిద్రించుచుండెను. ఇందు దురాలోచన యేమియు లేదు, కేవలము అలక్ష్యము. కాని చేబదులు తెచ్చుకొన్న విధవరాలికి రెంటికిని భేదమేమి?

మా చెల్లెలు లెక్కలకు బెదరు మనిషి కాదు. సెప్టెంబరు ఆఖరున అమ్మినది గనుక ఆ లెక్కల సంవత్సరములో ఆమె కాపురము సరిగా ఆరు మాసములే. హెచ్చు ఖర్చులో సగము, అనగా 310 పౌనులే ఆమె వంతు. తక్కిన సగము కొన్నవారిది. ఈ మాట రెండు వాక్యములలో వ్రాసి, లెక్కల ప్రతి జతచేసి పంపినది. మాసము గడచినను బదులు రాలేదు. అంతట "ఫిర్యాదు" అని శీర్షిక పెట్టి ఆ యుత్తరమునే మరల పంపినది. ఆ యొక్క మాటకు గల మహిమ చూడుడు! ఆఱు వారములలో ఉభయ సొలిసిటర్లును సమ్మతించి, 1190 పౌనులును, పట్టియుంచిన కాలమునకు కొలది వడ్డీయును ఆమె బ్యాంకులో చేరినవి.

ఫిర్యాదను మాట కింతటి శక్తి యెక్కడిదనగా, ఆ దేశపు సొలిసిటర్లను సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ యను సంస్థ శాసించుచున్నది. 2019 నవంబరు 25వ తేదీనుండి అమలులోనున్న దాని లెక్కల నియమములు, కక్షిదారుల సొమ్మును సంస్థ సొంత సొమ్ముతో కలుపక వేఱు ఖాతాలో నుంచవలెనని విధించినవి. ఉంచుటకు తగిన కారణము తీరిన వెంటనే ఆలస్యము లేక తిరిగి ఇచ్చివేయవలెనని ఆ నియమములలో 2.5వది. వేఱుగా వ్రాతపూర్వకముగా నొప్పుకొన్ననే తప్ప, ఉంచుకొన్న సొమ్ముపై న్యాయమైన వడ్డీ చెల్లించుటయు వారి విధియే. తమ ఫీజు తీసికొనవలెనన్నను ముందు బిల్లు పంపవలెను. ఈ నియమములు కాగితముపై నలంకారములు కావు. 2023 అక్టోబరులో నొక పెద్ద సొలిసిటర్ల సంస్థను ఆ అథారిటీ మూయించినపుడు, కక్షిదారుల ఖాతాలలో సుమారు 6 కోట్ల 40 లక్షల పౌనులు కానరాకుండుట వెల్లడియైనది.

ఫిర్యాదు మొదట సొలిసిటరు సంస్థకే వ్రాయవలెను. ఎనిమిది వారములలో తృప్తికరమైన సమాధానము రానిచో లీగల్ ఆంబుడ్స్‌మన్ అను అధికారికి తెలుపుకొనవచ్చును. ఖర్చేమియు లేదు, వకీలును పెట్టుకొననక్కఱలేదు. సంస్థవారు తుది సమాధానమిచ్చిన ఆఱు మాసములలోపల పోవలెను. తప్పు జరిగినప్పటినుండి గాని, అది తెలియవలసినప్పటినుండి గాని ఏడాది దాటరాదను నియమము 2023 ఏప్రిలునుండి వచ్చినది. పూర్వపు గడువు దీర్ఘముగా నుండెడిది. "మొగమాటము, ఇంకొక నెల చూతము" అని జాగుచేయు స్వభావము మనకధికము గనుక ఈ గడువును గుర్తుంచుకొనవలెను. సొలిసిటర్లు గాక లైసెన్సుగల కన్వెయన్సర్లనువారు ఇండ్ల వ్యవహారములు చూచుటయు కలదు. వారిని వేఱొక మండలి శాసించునుగాని, ఆంబుడ్స్‌మన్ వారికిని వర్తించును.

ఇంతదూరము రాకుండ చూచుకొనవలెనన్నచో, జాగ్రత్తపడవలసిన ఘడియ ఒప్పందపు ప్రతులు మార్చుకొనుటకు ముందున్నది. అది దాటినపిదప చేయగలిగినది తక్కువ. ఆ దేశమున ప్రతులు మార్చుకొన్ననాడే ఉభయులును బద్ధులగుదురు. నిలుపుదల షరతు అందులో లేనిచో తరువాత కొన్నవారు కోరినను మీ సమ్మతి లేక మీ సొమ్ము నిలుపరాదు. ఉన్నచో ఆ షరతు నక్షరాలా చదువుడు. మా చెల్లెలి ఒప్పందములో "లెక్కలు తేలువఱకు" అని మాత్రమే యుండెను. లెక్కలు ఎన్నటికిని తేలనిచో? ఏజెంట్లు రెండేసి, మూడేసి యేండ్లు లెక్కలు చెప్పక జాగుచేయుట అచ్చట వినని వింత కాదు. కావున ఫలానా తేదీకి లెక్కలు రానిచో సొమ్ము అమ్మినవారికి విడిచిపెట్టవలెనని ఆఖరు తేదీ యొకటి తప్పక వ్రాయించుకొనవలెను. 1985 నాటి చట్టము ప్రకారము, ఖర్చుపెట్టిన 18 మాసములలోపల బిల్లు పంపక, ఖర్చైనదని వ్రాతపూర్వకముగా నోటీసైన ఇయ్యని పక్షమున ఆ ఖర్చు ఫ్లాటువారివద్ద వసూలుచేయుటకు వీలులేదు. ఆఖరు తేదీని గూర్చి బేరమాడునపుడు ఈ 18 మాసములను ఆధారముగా చూపవచ్చును.

నిలుపు మొత్తమును గూర్చియు బేరమాడవచ్చును. ఏజెంటు ఇచ్చు సమాచార పత్రములలో గత మూడేండ్ల లెక్కలుండును. వానికి అమ్మువారే రుసుము కట్టవలెను, ఆ రుసుమును అంతయింత కాదు. ఆ లెక్కలలో ఏటేట హెచ్చు ఖర్చు 200 పౌనులకు మించనపుడు 2000 పౌనులు నిలుపుమనుట అతి. మూడేండ్లును మిగులే వచ్చినచో నిలుపుదలయే వలదనవచ్చును. పైగా మిగులు తేలినచో అది ఎవరికి చెందవలెనో గూడ వ్రాయించుకొనుడు. హెచ్చు ఖర్చును మననుండి రాబట్టు శ్రద్ధ, మిగులును మనకు పంపుటలో నుండదు. ఇండ్ల అమ్మకమునకు అచ్చట వాడుకలోనున్న ప్రామాణిక షరతులలో, తెలియని మొత్తములను అంచనాతో పంచుకొని, అసలు మొత్తము తెలియజేసిన పిదప పది పనిదినములలో తేడా చెల్లించవలెనని యున్నది. దానికి మారుగా ప్రత్యేక షరతు వ్రాసినచో ఆ పది దినములు పోయి "తగినంత కాలము" వచ్చి కూర్చున్నదేమో చూచుకొనుడు.

పెద్ద మరమ్మతుల సంగతి వేఱు. ఒక్కొక్క ఫ్లాటుమీద 250 పౌనులకు మించి పడు పనులకు ముందుగా ఫ్లాటువారికి నోటీసులిచ్చి సంప్రతింపవలెనని చట్టము. అట్టి నోటీసు మీ చేతికి వచ్చిన తరువాత అమ్మజూపినచో కొనువారు వేలకు వేలు నిలుపుమందురు. వెల తగ్గించి అంతటితో తెంచుకొనుటయే అట్టిచోట మేలని నా యభిప్రాయము. నిలిచిన సొమ్మును తలచుకొనుచు రెండేండ్లు నిద్ర చెడగొట్టుకొనుటకంటె తెగిన బేరము సుఖము. 2017 జూన్ 14న లండనులో గ్రెన్‌ఫెల్ మేడ దగ్ధమై 72 మంది మరణించిన ఘోరము తరువాత, ఎత్తైన మేడల గోడల తొడుగులను గూర్చి భయము హెచ్చినది. 2022లో భవన భద్రతా చట్టము వచ్చి, 11 మీటర్లకు గాని అయిదంతస్తులకు గాని తక్కువకాని మేడలలో అర్హులైన లీజుదారులకు రక్షణ కల్పించినది. కాని ఆ యర్హతను ధ్రువపఱచు పత్రము దొరకలేదని సొమ్ము నిలుపుటయు కలదు. ఆ పత్రమును అమ్మజూపుటకు ముందే సిద్ధపఱచుకొన్నచో ఒక చిక్కు తగ్గును.

సొమ్ము చేరుట ఒకటి రెండు దినములు ఆలస్యమైనంతమాత్రమున నిలుపుదల యని భ్రమపడవలదు. అమ్మకము పూర్తియైననాడు సొలిసిటరు మొదట బ్యాంకు ఋణము తీర్చును, దళారి కమీషను నిచ్చును, తన బిల్లు మినహాయించుకొనును, మిగిలినది పంపును. మోసగాండ్రు దొంగ ఈమెయిళ్లతో బ్యాంకు ఖాతా సంఖ్య మార్చి సొమ్ము కాజేయుట ప్రబలినందున, వారు టెలిఫోనుచేసి సంఖ్యను సరిచూచుకొందురు. విసుగుకొనక సహకరింపవలెను. ఖాతా మారినదని మీకే జాబు వచ్చినచో, ఆ జాబులోని నంబరుకు గాక మీకు మునుపు తెలిసిన నంబరుకు ఫోనుచేసి యడుగుడు. ఇల్లు భార్యాభర్తల ఇరువురి పేరనున్నచో సొమ్ము ఏ ఖాతాకు పంపవలెనో చెప్పు హక్కు ఇద్దఱికిని కలదు. "ఆయన చూచుకొందురు" అని ఊరకుండక, సొలిసిటరు వ్రాయు ప్రతి యుత్తరమును తన పేరగూడ పంపుమని ఇల్లాలు కోరవచ్చును.

ఇల్లమ్మి స్వదేశమునకు మరలివచ్చువారికి మఱొక చిక్కు గలదు. ప్రయాణపు తొందరలో అచ్చటి బ్యాంకు ఖాతా మూసివేయుదురు, చిరునామా చెప్పరు, ఫోను మారిపోవును. ఏడాదిన్నరకు నిలుపుదల సొమ్ము విడుదలయైనను పుచ్చుకొనువారు కానరారు. చేరవలసినవారికై తగినంత వెదకియు కనుగొననిచో, 500 పౌనులకు మించని శేషమును ధర్మసంస్థకు ఇచ్చివేయుటకు సొలిసిటర్లకు నియమములే అనుమతించుచున్నవి. అందుచేత నిలుపుదల తీరువఱకు ఆ దేశపు ఖాతా నొకదానిని తెఱచియుంచి, కాకినాడకో కరీంనగరమునకో చేరిన వెంటనే కొత్త చిరునామాను, వ్యవహారపు సంఖ్యను ఉదహరించుచు, సొలిసిటరు సంస్థకు జాబు వ్రాయుడు. పాత మేడలో నొక స్నేహితురాలిని గూడ అడిగియుంచినచో లెక్కలు వచ్చిన వార్త ముందుగా ఆమెవలననే తెలియును.